రైలు పాట గెలిచిన మధ్యాహ్నం

విచారణలో నన్ను ఒక్కటే ప్రశ్న అడిగారు. ముందు పోస్టు నుంచి హెచ్చరిక వచ్చిందా? రాలేదు అన్నాను. ఆ ఒక్క మాటతో నా ఉద్యోగం నిలిచింది. ఆ మాటతోనే చనిపోయిన ఒక సిపాయి పేరు చెడిపోయింది. హెచ్చరిక వచ్చింది. నా చెవిలోనే మోగింది. పాటల పోటీలో వేసిన ఓటు అనుకున్నాను.

పోస్టు గురించి అడిగినవాళ్లకు ఇన్నేళ్లూ మంచు సంగతి చెప్పాను, తుపాకుల సంగతి చెప్పాను. ఇది చెప్పలేదు.

తెలంగాణ వచ్చిన తర్వాత రెండో చలికాలం అది. మాది అన్ని రాష్ట్రాలవాళ్లూ కలిసి ఉండే బెటాలియన్. నేను హవల్దారును. ఊరు దేవరకొండ దగ్గర ఒక మెట్ట పల్లె. మా సెక్షన్‌ను కశ్మీర్‌లో నియంత్రణ రేఖ మీది ఒక పోస్టుకు పంపారు. ట్రక్కు రోడ్డు ముగిసేచోట దించింది. అక్కడి నుంచి ఐదు గంటల ఎక్కుడు. కిరోసిన్ డబ్బాలు, బియ్యం, తూటాల పెట్టెలు కంచర గాడిదల మీద. మిగతాది మా వీపుల మీద.

పోస్టు ఇంకా రెండు మలుపుల దూరంలో ఉండగా మొదటి మోర్టార్ గుండు పడింది. ఈల వినిపించింది, పడుకున్నాం. లేచి చూస్తే ముందున్న గాడిద లేదు. దాని తాడు పట్టుకున్న చెయ్యి ఉంది. తాడు ఇంకా ఆ పిడికిట్లోనే ఉంది. గాడిదలు తోలే మనిషి మిగతా శరీరం కోసం లోయలోకి చూశాం. కిరోసిన్ మంచు మీద నీలంగా కాలుతోంది. "నడవండి" అన్నాను. నడిచారు. ఆ పోస్టుకు మేం చేరుకున్న తీరు అది.

పోస్టు అంటే కొండ భుజంలో తవ్విన బంకరు. పైన దుంగలు, రేకులు, ఇసుక సంచులు. మధ్యలో వెచ్చదనానికి కిరోసిన్ పొయ్యి. దాని మసికి ఉమ్మినా నల్లగా వచ్చేది. బంకరుకు నూట ఇరవై గజాల ముందు, ఒక బండ కింద, ఇద్దరు పట్టే గుంత. అవతలివాళ్లు దొంగచాటుగా పైకి వస్తే ముందు తెలియాల్సింది అక్కడే. దాన్ని 'కాన్' అనేవాళ్లం, హిందీలో చెవి. గుంతకూ బంకరుకూ మధ్య ఒక టెలిఫోను తీగ. పొగమంచులో మాట దూరం పోతుంది కాబట్టి మాట్లాడకూడదు. ఫోను గొట్టం మీద గోటితో కొట్టాలి. ఆగి ఆగి ఒక్కో దెబ్బ అయితే అంతా బాగుంది. ఆగకుండా కొడితే మనుషులు వస్తున్నారు. అంతే. ఈ ఆర్డరు కొత్తగా వచ్చిన ప్రతివాడి చేతా నేనే మూడుసార్లు చెప్పించేవాణ్ని.

మల్లేశ్ గురించి చెప్పాలి. మక్తల్ మనిషి. చేనేత ఇంటివాడు. సెక్షన్‌లో తెలుగువాళ్లం మేమిద్దరమే. అందరి ముందు "ఉస్తాద్" అనేవాడు, ఎవరూ లేనప్పుడు "అన్న" అనేవాడు. మొదటిసారి కాన్ గుంతలో దిగినప్పుడు కాళ్లు కిందికి జారవిడిచి, అటూ ఇటూ చూసి నవ్వాడు.

"మా బాపు గుంట మగ్గం గిట్లనే ఉంటది అన్న. కాళ్లు గుంతల, చేతులు పైన. గా మగ్గం నించి తప్పించుకుందామని ఫౌజుకొస్తే మళ్ల గుంతలనే కూసోవెడ్తివి."

"నేసుకో మరి" అన్నాను. "తుపాకి ఉంది, పేక దారం నడిపే నాడె లేదు."

"పడుగు నువ్వు పట్టు, పేక నేనేస్త."

మా రేడియో ఆపరేటర్ ఈశాన్యపు కొండలవాడు. అతని దగ్గర అరచేయంత స్పీకరు, దానిలో వేలి గోరంత కార్డు. కార్డు నిండా ఇంగ్లీషు రాక్ పాటలు, వాళ్ల నాన్న కాలానివి. వాళ్ల ఊళ్లో టీ కొట్టుకొక అభిమాన సంఘం ఉంటుందట. ఏ పాట గొప్పదని పెళ్లిళ్లలో కొట్టుకుంటారట. మొదట్లో మాకు అవి ఇనుప రేకుల మీద రాళ్లు పడ్డట్టు ఉండేవి. కానీ వారం రోజులు మంచు కురిసి బయటికి పోయే దారి మూసుకుపోతే, చెవులు మనిషి మాట వినవు. అవే వాటిని అడగడం మొదలుపెట్టాయి.

పోటీ ఆలోచన మెషిన్‌గన్ వాడిది. హర్యానా మనిషి, మూడు పూటలా తిన్నా ఆకలనేవాడు. "ఎనిమిది పాటలు తియ్యి. జోడీలు కట్టు. కుస్తీ లాగా. ఓడింది బయటికి. చివరికి ఏది నిలబడితే అదే ఈ పోస్టు పాట" అన్నాడు. పాటల అసలు పేర్లు మా నోళ్లు తిరగవు. మేమే పెట్టుకున్నాం. ఒకదానిలో గిటారు పట్టాల మీద బండిలా వేగం అందుకుంటుంది, అది రైలు పాట. ఒకదానిలో గొంతు లోతు నుంచి వస్తుంది, చుట్టూ మారుమోగుతుంది, అది బావి పాట. ఇంకొకటి చివర్లో పాడేవాడు ప్రాణం పోతున్నట్టు అరుస్తాడు, అది ఏడుపు పాట. ఓటు చేతులెత్తి కాదు. మెస్ టిన్ను మీద చెంచాతో కొట్టాలి. ఒక దెబ్బ మొదటి పాటకు, రెండు దెబ్బలు రెండో పాటకు.

తీర్పులకు కారణం చెప్పాలని ఆపరేటర్ పట్టుబట్టేవాడు. "బాగుంది అంటే చాలదు. ఏం బాగుంది? డ్రమ్మా? మొదలుపెట్టిన తీరా?" మెషిన్‌గన్ వాడికి నెమ్మది పాటలే కావాలి. వేగం మాటకొస్తే తన తుపాకే చాలనేవాడు. నాకు బావి పాట. చిన్నప్పుడు మా చేలోని ఎండిన బావి అంచున పడుకుని లోపలికి నా పేరు అరిచేవాణ్ని. పేరు పెద్దదై తిరిగి వచ్చేది. ఆ పాటలో అదే ఉంది.

మల్లేశ్‌కు ఇంగ్లీషు రాదు, మాటల జోలికి పోయేవాడు కాదు. బూట్లు విప్పి, మేజోళ్ల కాళ్లు నేల మీద ఆనించి వినేవాడు. "యాడ్నో ఒక్కతాన కాళ్లు వాటంతటవే ఆడుతయి అన్న. ఆడినయా, గా పాట గెల్సినట్టు. ఆడకుంటే అది పాట గాదు, వార్తలు." రైలు పాటకు అతని కాళ్లు ఆడాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. మగ్గం కింది బద్దలు తొక్కినట్టు.

"బావి పాటల ఏముందన్నా?"

"లోతు ఉంది."

"లోతుంటది. నీళ్లుండయి. నల్లగొండ బాయి గద, అందుకే గట్ల మోగుతది."

"మీ పాలమూరోళ్లకు రైలంటే ఎందుకిష్టమో నాకు తెల్వదా? బొంబాయి పోయే బండి కూత ఇంటే కాళ్లు నిలువయి."

అందరూ నవ్వారు. ఏం అర్థమైందో, మెషిన్‌గన్ వాడు కూడా నవ్వాడు.

సెమీఫైనల్ నాడు పగలంతా గుళ్లు పడ్డాయి. బంకరు పైకప్పు దుంగ ఒకటి విరిగి వంటవాడి నడుము మీద పడింది. దుంగ తీస్తుంటే వద్దని సైగ చేశాడు. తీశాం. తీసిన తర్వాత కొద్దిసేపే బతికాడు. దుంగ అతని నెత్తురును ఆపి ఉంచిందని మాకు తెలియదు. పొయ్యి మీద పప్పు ఇంకా ఉడుకుతోంది. అతన్ని దుప్పటిలో చుట్టి కందకంలో పెట్టి వచ్చాం. తర్వాత ఆపరేటర్ స్పీకరు తీశాడు. ఎవరూ వద్దనలేదు. వంటవాడి టిన్ను అక్కడే ఉంది. అతను రైలు పాట మనిషి. మెషిన్‌గన్ వాడు ఆ టిన్ను తీసుకుని అతని తరఫున రెండు దెబ్బలు కొట్టాడు. ఆ ఓటుతో రైలు పాట ఫైనల్‌కు వచ్చింది.

ఆ పూట మల్లేశ్ కాన్‌లో ఉన్నాడు. గెలుపు తేలిపోయినా అతని ఓటు కూడా కావాలన్నారు. ఫోను గొట్టం స్పీకరు దగ్గర పెట్టి అతనికి పాట వినిపించాను. "గోటితో కొట్టు. ఒకటా రెండా?" అన్నాను. ఆపరేటర్ నా వైపు తిరిగాడు.

"ఉస్తాద్, తీగ అదొక్కటే."

"రెండు దెబ్బలకు తీగ అరిగిపోదు" అన్నాను.

రెండు దెబ్బలు వచ్చాయి. తర్వాత ఆగకుండా ఇంకొన్ని. టకటకటక. మగ్గం దరువు. వంటవాడు పోయిన బాధలో వాడికి తోచిన ఓదార్పు అది. గొట్టం అందరికీ వినబడేలా ఎత్తి పట్టాను. అందరం నవ్వాం. అది ప్రమాదపు సంకేతం అని నాకు తెలుసు. అది నేర్పినవాణ్ని నేనే. వాడు పైకి వచ్చాక నిలబెట్టి తిట్టాల్సింది. "మంచిగ కొట్టినవ్ రా" అన్నాను.

ఫైనల్ నాలుగు రోజుల తర్వాత. మధ్యాహ్నం. కాన్‌లో మల్లేశ్‌తో ఉండాల్సిన రెండో జవానును కాలివేళ్లు గడ్డకట్టి ఆ ఉదయమే కిందికి దించాం. బదులు మనిషి సాయంత్రానికి వస్తాడు. అంతవరకు మల్లేశ్ ఒక్కడే. భోజనమయ్యేసరికి పొగమంచు దిగింది. బంకరు రంధ్రంలోంచి చూస్తే నా తుపాకి కొన కనిపించడం లేదు. అలాంటి పూట తీగను హెచ్చరికకు తప్ప ముట్టుకోకూడదు.

మల్లేశ్ ఓటు లేకుండా ఫైనల్ ఏమిటని నేనే అన్నాను. మిగతావాళ్లు రెండు వైపులా సమంగా చీలారు. బావి పాటకు నేనూ ఆపరేటరూ, రైలు పాటకు మల్లేశూ, వంటవాడు పోయిన నాటి నుంచి మనసు మార్చుకున్న మెషిన్‌గన్ వాడూ, వంటవాడి టిన్ను సహా. లెక్కకు ఓడిపోతానని తెలుసు. అయినా వాడి చేత చెప్పించాలని నా పట్టుదల.

ముందు బావి పాట పెట్టాం. తర్వాత రైలు పాట. ఫోను స్పీకరుకు ఆనించి పట్టుకున్నాను. అంటే అంతసేపూ వాడి చెవిలో నేను పాట పోస్తున్నాను. వాడు వినాల్సింది బయటి మంచును. పాట సగంలో ఉండగా దెబ్బలు మొదలయ్యాయి. టకటకటకటక. ఆగలేదు.

"చూడు, పాట అయ్యేదాకా కూడా ఓపిక లేదు వీడికి" అన్నాను. గొట్టం ఎత్తి పట్టాను. "రైలు పాటే గెలిచిందిరా!"

మెషిన్‌గన్ వాడు టిన్ను మీద చెంచాతో దరువు అందుకున్నాడు. గొట్టంలోంచి దెబ్బలు ఇంకా వస్తున్నాయి. వేగం పెరిగింది. దరువులో లేవు. అది నాకు తెలిసింది. తెలిసిన క్షణానికీ గొట్టం చెవికి పెట్టుకున్న క్షణానికీ మధ్య ఎంతసేపో ఇప్పటికీ చెప్పలేను. దెబ్బలు ఆగిపోయాయి.

గ్రెనేడు కాన్‌లో పేలింది.

బయటికి ఉరికాను. మెషిన్‌గన్ వాడు కాల్పులు మొదలుపెట్టాడు, మంచులోకి, గుడ్డిగా, మా తలల మీదుగా. ఆపరేటర్ రేడియోలో అరుస్తున్నాడు. "కాన్ మీద దాడి! లెక్క తెలియదు! మోర్టార్ ఇవ్వండి, మోర్టార్!" కందకం మలుపులో ఒక మనిషి నన్ను ఢీకొన్నాడు. తెల్ల దుస్తులు. అతని ఊపిరి నా మొహం మీద పడింది. ఉల్లిపాయ వాసన. నా రైఫిలు మా ఇద్దరి ఛాతీల మధ్య ఇరుక్కుంది. మంచు తవ్వే పార గోడకు ఆనించి ఉంది. దానితో మెడ మీద కొట్టాను. పడలేదు. మళ్లీ కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. పార ఎముకలో దిగి రాలేదు. కాలు పెట్టి లాగాల్సి వచ్చింది. ఇంకో ఇద్దరు మెషిన్‌గన్‌కు పడ్డారు. మిగతావాళ్లు మంచులోకి వెనక్కి పోయారు.

కాన్‌లో మల్లేశ్ కూర్చునే ఉన్నాడు. కడుపు తెరుచుకుని ఉంది. ఫోను తీగ మణికట్టుకు చుట్టుకుని ఉంది. బొటనవేలి గోరు చీలిపోయింది. గొట్టం మీద కొట్టీ కొట్టీ.

"కొట్టిన అన్న" అన్నాడు.

నిందించలేదు. పని పూర్తి చేసి చెప్పినట్టు చెప్పాడు. నేను రెండు చేతులతో అతని కడుపు మూసి పట్టుకున్నాను. చేతులు మణికట్ల దాకా వెచ్చబడ్డాయి. గుంతలో అతని కాళ్లు కదులుతున్నాయి. ఎడమ, కుడి. ఎడమ, కుడి. బూట్లు మంచును తొక్కుతున్నాయి. ఎడమ. కుడి. ఎడమ దగ్గర ఆగిపోయాయి.

అవతలివాళ్లలో ముగ్గురిని చంపి దాడిని తిప్పికొట్టినందుకు మాకు ప్రశంస వచ్చింది. ఒక సెంట్రీ చనిపోయినందుకు విచారణ వచ్చింది. హెచ్చరిక వచ్చిందా అని నన్ను అడిగారు. ఆపరేటర్‌ను అడిగారు. నా జవాబు మీకు చెప్పాను. "తీగ ఉస్తాద్ చేతిలో ఉంది" అని మాత్రం అన్నాడు ఆపరేటర్. అధికారి ఇంకో ప్రశ్న వేసి ఉంటే బయటపడేది. వేయలేదు. బంకరుకు తిరిగి వచ్చి, స్పీకరులోంచి కార్డు తీసి, బూటు మడమ కింద పెట్టి నూరాడు ఆపరేటర్. నా మొహం చూడలేదు. సెంట్రీ సకాలంలో హెచ్చరించలేదని కాగితంలో రాసుకున్నారు.

తెలుగు వచ్చినవాణ్నని శవపేటికతో నన్నే పంపారు. మక్తల్‌లో జనం, జెండాలు, నినాదాలు. వాళ్ల నాయిన నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు. "జర ముందుగాల చూసుకోకపోయెనా సారు వాడు?"

"పొగమంచు పెదనాయిన. ఏం కనవడదు" అన్నాను. సగం నిజం అంత సులువుగా నోట్లోంచి వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

పింఛనుతో ఇంటికి వచ్చాను. యాదగిరిగుట్టలో ఒక లాడ్జిలో మేనేజరుగా చేరాను. మక్తల్ వైపునుంచి మా బెటాలియన్‌కు వెళ్లిన ఒకతను ఒకసారి గదికి దిగాడు. కాగితంలోని మాట ఊరికి చేరిందని, చేరేలోపు పెరిగిందని అతనే చెప్పాడు. మల్లేశ్ డ్యూటీలో నిద్రపోయాడట. కల్లు దుకాణం దగ్గర ఎవరో "నిద్ర సిపాయి తండ్రి" అంటే ఆ ముసలాయన వాడి మీదికి కర్ర ఎత్తి, అంతలోనే దించేసి ఇంటికి వెళ్లి, కొడుకు ఫోటోను గోడ మీద నుంచి తీసి పెట్టెలో పెట్టాడట. విన్నాను. గది తాళంచెవి చేతికిచ్చి పంపించాను. అప్పుడు కూడా కదల్లేదు.

ఈ వేసవిలో ఒక రోజు దర్శనానికి వచ్చినవాళ్ల కారు లాడ్జి ముందు ఆగింది. తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల పాట. గిటారు వేగం అందుకుంటోంది. పట్టాల మీద బండి. నేను కౌంటరు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. నా కాళ్లు ఆడుతున్నాయి. మల్లేశ్ చెప్పినట్టే, వాటంతట అవే. ఎడమ, కుడి. నేను వాటిని ఆపలేకపోయాను.

ముందు బెటాలియన్‌కు జరిగింది జరిగినట్టు రాసి పంపాను. ఏం చేస్తారో వాళ్ల ఇష్టం. తర్వాత మక్తల్ బస్సెక్కాను.

పెదనాయిన మగ్గం గుంతలో ఉన్నాడు. నేస్తున్న చీర అంచు ఎర్రగా ఉంది. పక్క వసారాలో మల్లేశ్ తల్లి, పెద్దమ్మ, జొన్నరొట్టెలు చరుస్తున్న చప్పుడు. నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. పాటల పోటీ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఎవరు ఏ పాటకు ఓటు వేశారో కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన కాళ్లు బద్దల మీద కదులుతూనే ఉన్నాయి. నాడె అటూ ఇటూ పోతూనే ఉంది. నేను గోటి దెబ్బల దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఆగాయి.

"నిద్రపోలేదా?"

"పోలే."

"కొట్టిండా?"

"కొట్టిండు. గోరు పలిగెదాక కొట్టిండు."

నాడె పడుగు మీద పెట్టేశాడు. "ఎట్ల కొట్టిండో కొట్టి సూపెట్టు" అన్నాడు.

మగ్గం నిలువు కొయ్య మీద బొటనవేలి గోరు పెట్టాను. కొట్టాను. టకటకటకటక. ఆగకుండా. వసారాలో రొట్టె చప్పుడు ఆగిపోయింది. పెద్దమ్మ చేతుల పిండితోనే వచ్చి గడప మీద నిలబడింది. ఊపిరి ఎగబోస్తోంది.

"ఎవలు కొడ్తున్నరు? ఏమాయె?"

మొదటి దెబ్బలకే లేచి వచ్చింది ఆమె. నేను ఇంకా కొడుతూనే ఉన్నాను. చెయ్యి తీసి ఆమె ముందు నేల మీద కూర్చున్నాను.

"మల్లేశ్ కొట్టిండమ్మా. గిట్లనే కొట్టిండు. వాడు నిద్రపోలే. నేను ఇన్న. ఇని నవ్విన, నీలెక్క లేసి రాలే. రాలేదని కాయితంల రాపిచ్చిన. నీ కొడుకును నేను సంపుకున్న, వాని పేరు గూడ నేనే ఖరాబు చేసిన. తప్పయిందమ్మా. తప్పయింది."